పచ్చరాయి మీద ముళ్ళు

మాది రాళ్ళ కుటుంబం, మా అత్తవారిది గడియారాల కుటుంబం. “రెండూ ఒకటేగా!” అని మా పెళ్ళిలో ఎవరో అన్నారట. వాళ్ళెవరో దొరికితే ఒక్కరోజు మా దుకాణంలో కూర్చోబెట్టాలని నాకు ఇప్పటికీ కోరిక.

మా నాన్న వాచీ డయళ్ళకి రాళ్ళు కోసేవాడు. పచ్చవి, నీలివి, నల్లవి, ఏ రాయైనా సరే, నీళ్ళు కారుతుండగా రంపం కింద పెట్టి, గోరంత మందాన బిళ్ళ తీసి, అద్దంలా సానపట్టి, వెనక ఇత్తడి రేకు అతికించేవాడు. వాచీ అనేది ఆ రాయిని మణికట్టుకి కట్టుకోవడానికి దొరికిన ఒక సాకు అని ఆయన నమ్మకం. మా మామగారు వాచీలు బాగుచేస్తారు. రాయి అనేది మిషన్ మీద దుమ్ము పడకుండా వేసిన మూత అని ఈయన నమ్మకం. వియ్యంకులిద్దరూ ఒకరి పనిని ఒకరు ఏనాడూ మెచ్చుకున్న పాపాన పోలేదు. మా నాన్న పోయాక ఆయన రంపం, సానలు, మిగిలిపోయిన రాళ్ళ ముక్కలు ఈ దుకాణానికే వచ్చాయి.

దుకాణమంటే ముందొక గది, వెనకొక గది. ముందు గదిలో కిటికీ పక్కన మామగారి బల్ల, ఎదురుగా మా ఆయన బల్ల. వెనక గదిలో నేనూ, నా రంపమూ, నా బురదా. “ఆ గోలేమిటమ్మాయ్, వాచీ చప్పుడు వినబడి చావడం లేదు!” అని మామగారు అక్కణ్ణుంచి అరుస్తారు. “రాయి కోస్తే చప్పుడు రాక సన్నాయి వస్తుందా మామయ్యగారూ!” అని నేను ఇక్కణ్ణుంచి అరుస్తాను. మా ఆయన మాత్రం ఎటూ మాట్లాడరు. ఆయన పుట్టుకే అంత.

ఈమధ్య ఒకరోజు పళ్ళ డాక్టరమ్మ ఒక వాచీ పట్టుకొచ్చింది. మా వీధి చివర్లోనే ఆవిడ ఆసుపత్రి. పగలంతా జనం నోళ్ళలోకి తొంగి చూసే మనిషి, సాయంత్రం చేతులు కడుక్కుని రాతి డయల్ ఉన్న పాత వాచీ ఒకటి పెట్టుకుంటే గానీ ప్రాణం కుదుటపడదంటుంది. అలాంటివి ఆవిడ దగ్గర ఇంకా ఉన్నాయి. ఇది మాత్రం వాళ్ళ అమ్మగారిది. పలచటి బంగారు కేసు. డయల్ మీద అంకెల్లేవు, గీతల్లేవు, కంపెనీ పేరు కూడా చీమ తలకాయంతే. మిగతాదంతా మాలకైట్ అనే పచ్చరాయి. ముదురాకుపచ్చ మీద లేతాకుపచ్చ చారలు. నాలుగు గంటల చోట ఆ చారలు చుట్టుకుని కన్నులా విచ్చుకున్నాయి.

నేను తడిచేతులతోనే పరిగెత్తుకొచ్చాను. “ముందు చేతులు తుడుచుకో” అన్నారు మా ఆయన.

“కొత్త వాచీల్లో ఏముందండీ,” అంటోంది డాక్టరమ్మ. “లక్ష చేస్తే లక్షా ఒక్కలాగే ఉంటాయి. దీన్ని చూడండి. ఈ కన్ను భూమ్మీద ఇంకెక్కడా లేదు. రాయి కడుపులో ఎన్ని యుగాల్నుంచి ఉందో! ఎవరో మహానుభావుడు సరిగ్గా ఇక్కడ కోశాడు కాబట్టి బయటపడింది. వెంట్రుకవాసి అటు కోసి ఉంటే ఇది ఉండేదే కాదు.”

నాకు ఆవిడని కావలించుకోవాలనిపించింది. ఈ ముందుగదిలో రాయి గురించి అలా మాట్లాడిన మనిషిని నేను చూడలేదు. ఆవిడ అన్నదాంట్లో ఒక్క మాట కూడా ఎక్కువ కాదు. వాళ్ళ అమ్మగారి కాలంలోనే ఇలాంటి రాతి డయళ్ళు కాసిని చేశారు. కోస్తుంటే సగం పగిలేవి, మధ్యలో ముళ్ళ కోసం కన్నం పెడుతుంటే మిగిలినవాటిలో సగం పగిలేవి. వాచీలోకి చేరినవి కూడా ఎన్నో రిపేరు బల్లల మీద పోయాయి. లోహపు డయల్ సొట్ట పడితే సరిచేయొచ్చు, రంగు పోతే వేయొచ్చు, రాయి పగిలితే మాత్రం దానికి మందు లేదు. బతికి బట్టకట్టినవాటి కోసం జనం అంత వెర్రెత్తిపోవడానికి కారణం అదే.

వాచీకి జబ్బు పెద్దదేమీ కాదు. లోపల నూనె ఎండిపోయి వెనకబడుతోంది. అయితే మిషన్ శుభ్రం చేయాలంటే ముళ్ళు తీయాలి, డయల్ తీయాలి, అంతా అయ్యాక మళ్ళీ డయల్ బిగించి దాని మీద ముళ్ళు పెట్టాలి. ఆ చివరి పని దగ్గరే ఉంది కథంతా. రాతి కన్నంలోంచి సూదిమొనంత కడ్డీ పైకి వస్తుంది. దాని నెత్తిన ముల్లుని నిలబెట్టి నొక్కాలి. నొక్కేటప్పుడు చెయ్యి ఇసుమంత పక్కకి జరిగిందా, బరువంతా రాతి అంచు మీద పడుతుంది. ‘టిక్’ మంటుంది. అంతే, ఇక ఎంత ఏడ్చినా లాభం లేదు.

“ముళ్ళు నేను పెడతాను,” అన్నారు మామగారు. “కిందటిసారి మీ అమ్మగారు తెచ్చినప్పుడూ నేనే పెట్టాను. ఈ దుకాణంలో రాతి డయల్ మీద నేను పెట్టినన్ని ముళ్ళు ఇంకెవరూ పెట్టలేదు. ఇదొక్కటీ చేసి, ఈ పనికి దణ్ణం పెట్టి బల్ల దిగిపోతాను డాక్టరమ్మా. మంచి వాచీతో దిగిపోతే నాకూ తృప్తిగా ఉంటుంది.”

“మీరు కాకపోతే ఇంకెవరికీ ఇవ్వను తాతగారూ. మా అమ్మ గుర్తుగా నాకున్నది ఇదొక్కటే” అని ఆవిడ వాచీని ఆయన బల్ల మీద పెట్టేసి వెళ్ళిపోయింది.

నా గుండెల్లో రాయి పడింది. మామగారి కుడిచెయ్యి ఏడాదిగా వణుకుతోంది. కాఫీ కప్పు పట్టుకుంటే సాసరు గణగణ మోగుతుంది. చొక్కా గుండీల దగ్గర ఆయన పడే అవస్థ చూడలేక నేను ఏదో పనున్నట్టు లోపలికి వెళ్ళిపోతుంటాను. బల్ల మీంచి స్క్రూలు జారిపడితే మా ఆయన చప్పుడు కాకుండా ఏరి మళ్ళీ పళ్ళెంలో వేస్తుంటారు. ముగ్గురికీ తెలుసు. ముగ్గురం నోరెత్తం.

ఆయన భోజనం చేసి కాసేపు నడుం వాల్చినప్పుడు మా ఆయన్ని వెనక గదిలోకి లాక్కొచ్చాను.

“మీరు చెప్పండి, వద్దని.”

“నేనా? ఆయన నాకు తండ్రీ గురువూనూ. నోరెలా వస్తుంది? నువ్వు చెప్పు, కోడలి మాటైతే వింటారు.”

“మీకు రాని నోరు నాకెక్కణ్ణుంచి వస్తుందండీ? పోనీ, ముళ్ళు మీరే పెట్టేయండి.”

“రాతి డయల్ మీదా? నా వల్ల కాదు తల్లీ!” అన్నారు. ఆయన ఒకసారి నీలిరాతి డయల్ ఒకటి పగలగొట్టారు. అప్పట్నుంచీ రాతి డయల్ కనిపిస్తే పామును చూసినట్టు వెనక్కి జరుగుతారు. “చెప్పకపోతే రాయి పోతుంది, చెబితే నాన్న మనసు విరుగుతుంది. ఏం చేద్దామంటావ్?” అని నన్నే అడిగారు. ఇలాంటప్పుడు నాకు ఒళ్ళు మండిపోతుంది. గోడమీద పిల్లికైనా ఎప్పుడో ఒకప్పుడు దూకే బుద్ధి పుడుతుంది.

దూకింది నేనే. “మా నాన్న వదిలిన ముక్కల్లో మాలకైట్ ఉంది. ఇలాంటి డయల్ ఇంకోటి చేస్తాను. మామయ్యగారి ముందు దాన్ని పెడదాం. పగిలితే నాది పగులుతుంది. అసలుది బీరువాలో భద్రంగా ఉంటుంది.”

“నాన్న గుర్తుపడితే?”

“పడితే తిడతారు. ఆ తిట్లేవో నేను పడతాలెండి.”

చేశాను. చెప్పినంత తేలిగ్గా మాత్రం కాదు. మాలకైట్ మెత్తటి రాయి, మొండి రాయి, మన మాట వినేరకం కాదు. ఆ పొడి ఒంటికి మంచిది కాదు కాబట్టి నీటి ధార ఆపకూడదు. మోచేతులదాకా పచ్చబురద. ఒక బిళ్ళ కోతలోనే విరిగింది. ఇంకోటి నున్నగా సానపట్టి, ముచ్చటపడి, కన్నం పెడుతుండగా మూడు ముక్కలైంది. నేను తిట్టిన తిట్లకి మామగారు ముందు గదిలోంచి “ఎవర్నమ్మాయ్?” అని అడిగారు. “రాయిని!” అన్నాను. “బాగా తిట్టు” అన్నారాయన సంతోషంగా. చివరికి ఒకటి నిలిచింది. చారలు దగ్గర దగ్గరగా కుదిరాయి. కన్ను మాత్రం ఎక్కణ్ణుంచి తెస్తాను? నాలుగు గంటల చోట చార కాస్త వంపు తిరిగిన ముక్కని ఏరుకుని సరిపెట్టుకున్నాను. రాయి తెలిసినవాడెవడైనా గుమ్మంలోంచే పట్టేస్తాడు.

ఆ రోజుల్లో మామగారు కాఫీ మానేశారు. సంచులు మోయడం మానేశారు. కుడిచేత్తో తలుపు కూడా తీసేవారు కాదు. పెళ్ళివారు పెళ్ళికూతుర్ని కూర్చోబెట్టినట్టు ఆ చేతిని అపురూపంగా ఒళ్ళో కూర్చోబెట్టుకున్నారు. అసలు డయల్ నేను విప్పి బీరువాలో పెట్టాక, మా ఆయన మిషన్ శుభ్రం చేసి, నూనె పెట్టి, నా డయల్ బిగించి, పొద్దున్నే ఆయన బల్ల మీద ఉంచారు. ఉంచి, పనేదో గుర్తొచ్చినట్టు తన బల్ల కిందికి దూరారు.

మామగారు కంటికి భూతద్దం పెట్టుకున్నారు. నేను తిట్లు తినడానికి సిద్ధంగా పక్కనే నిలబడ్డాను. ఆయన నేరుగా పనిలోకి దిగారు. మణికట్టు బల్ల అంచుకి ఆనించి, ట్వీజర్స్‌తో గంటల ముల్లు అందుకున్నారు. అది గాలిలో గజగజ వణికింది. ఆయన కంగారు పడలేదు. అలాగే పట్టుకుని కూర్చున్నారు, మారాం చేసే పిల్ల తనంతట తనే ఊరుకునేదాకా తల్లి చూసినట్టు. కాసేపటికి వణుకు నెమ్మదించింది. ఆ తర్వాత పూర్తిగా ఆగింది. ముల్లు దిగింది. వెనకే నిమిషాల ముల్లు.

రెండు ముళ్ళనీ పన్నెండు మీదికి తెచ్చి, వాచీని కంటికి అడ్డంగా, కిటికీ వెలుగులోకి పెట్టి, పక్కనుంచి చూశారు. ముళ్ళ కిందా ముళ్ళ మధ్యా ఎంతెంత సందుందో చూసుకోవడం అది. ఎప్పుడూ అంతే, ఆయన వాచీ మొహం చూడరు, పక్కనుంచే చూస్తారు. “ఆఁ!” అన్నారు. తర్వాత నా వైపు తిరిగి, “చూశావా అమ్మాయ్, నా చెయ్యి నా మాట విన్నది!” అన్నారు. నాకు ఏడుపొచ్చేసింది. అంత ఆనందంగా ఆ మొహాన్ని నేను చూసి చాలాకాలమైంది.

వెనక గదిలోకి వచ్చి కూర్చున్నాక కోపం కూడా వచ్చింది. గుర్తే పట్టలేదు! మా నాన్న రాతిని మనిషి మొహంలా గుర్తుంచుకునేవాడు. ఈయన ఇదే వాచీని ఇంతకుముందు విప్పి మళ్ళీ బిగించారు, కన్ను ఉన్నచోట కన్ను లేకపోయినా తెలియలేదు. మూతే కదా, ఏ మూతైతేనేం! పుట్టింటి తరఫున కాసేపు ఉడుక్కున్నాను.

అప్పుడు వచ్చారు మా ఆయన. “పగల్లేదు” అన్నారు, మొహం తెల్లగా పెట్టుకుని.

“పగల్లేదు.”

“మరిప్పుడేం చేద్దాం?”

పగిలితే ఏం చేయాలో ఇద్దరం తలలు బద్దలు కొట్టుకుని ఆలోచించాం. పగలకపోతే ఏం చేయాలో ఇద్దరిలో ఒక్కరికీ తట్టలేదు. నా రాయి మీద పెట్టిన వాచీని డాక్టరమ్మకి ఇవ్వలేం. అసలు రాయి మీద మళ్ళీ పెట్టండి అని ఆయన్ని అడగాలంటే, ముందు మోసం చేశామని చెప్పాలి. వెళ్ళి చెప్పేద్దామని లేచాను కూడా. ముందు గదిలో ఆయన చాలాకాలం తర్వాత ఈల వేస్తున్నారు. తలుపు దగ్గర్నుంచే వెనక్కి వచ్చేశాను.

మధ్యాహ్నం ఆయన నిద్రలో ఉండగా, ఆయన పెట్టిన ముళ్ళని నేనే తీశాను. తీస్తుంటే చూశాను, ఎంత శుభ్రమైన పనో! ఒక గీత లేదు, ఒక మరక లేదు. నా డయల్ విప్పి, అసలుది బిగించాను. పెట్టండి అంటే మా ఆయన చేతులు వెనక్కి కట్టుకున్నారు. రాయి ఎంత బరువు ఓరుస్తుందో నాకు తెలుసు కదా అని నేనే పెట్టాను. నుదుటి చెమట డయల్ మీద పడుతుందేమోనని మా ఆయన తుండుగుడ్డతో అద్దుతూ నిలబడ్డారు. రాయి పగల్లేదు. ముళ్ళు నిలిచాయి. తలప్రాణం తోకకొచ్చింది, అయినా గండం గడిచిందనుకున్నాం.

మర్నాడు డాక్టరమ్మ వచ్చింది. మామగారు ఇస్త్రీ చొక్కా వేసుకుని కూర్చున్నారు. ఆవిడ వాచీని వెలుగులో పట్టుకుని కన్నుని చూసుకుని మురిసిపోయింది. “మీ చెయ్యి ఏమాత్రం తగ్గలేదు తాతగారూ” అంది.

“ఏదీ, ఒక్కసారి ఇలా ఇవ్వమ్మా,” అని ఆయన వాచీ తీసుకున్నారు. ముళ్ళని పన్నెండు మీదికి తిప్పారు. కంటికి అడ్డంగా పెట్టి పక్కనుంచి చూశారు. చూస్తూనే ఉన్నారు. మా ఆయన మెల్లగా టీ చెప్పొస్తానని బయటికి జారుకున్నారు. మామగారు టైము సరిచేసి, వాచీని గుడ్డతో తుడిచి, ఆవిడ చేతిలో పెట్టారు. “బాగుందమ్మా. నిశ్చింతగా పెట్టుకో” అన్నారు. ఆవిడ నవ్వుతూ గడప దాటింది.

తలుపు మూసుకున్నాక అడిగారు. “ఆ ముళ్ళు ఎవరు పెట్టారు?”

“నేనే మామయ్యగారూ.”

“నావి కావని తెలుస్తూనే ఉంది. గంటల ముల్లుని నేను రాయి దగ్గరికంటా దించుతాను. ఇది పైన తేలుతోంది. రాయి పగులుతుందేమోనని బెదిరినవాళ్ళు పెట్టిన ముల్లు.” నా వైపు తిరిగారు. “నేను పెట్టినప్పుడు రాయి పగిలిందా?”

“లేదండీ.”

“ముల్లు వంకర వచ్చిందా?”

“లేదు.”

“పోనీ, ఒకదానికొకటి తగిలాయా?”

“ఏ వంకా లేదు మామయ్యగారూ. మీ పని మీ పనిలాగే ఉంది.”

“మరెందుకు తీసేశావమ్మా?” అన్నారు. అరిచి ఉంటే బాగుండేది. ఆయన అరుపులకి జవాబులు నా దగ్గర ఎప్పుడూ ఉంటాయి. నిజంగా తెలియక అడిగేసరికి నిజమే చెప్పాల్సి వచ్చింది.

చెప్పాను. దాచుకోకుండా అంతా చెప్పి, నా డయల్ తెచ్చి ఆయన ముందు పెట్టాను. ఆయన దాన్ని ఎడమచేత్తో తీసుకుని, అటూ ఇటూ తిప్పి, కన్నంలో వెలుగు చూసి, మొదటిసారి రాయి వైపు చూశారు. “బాగా కోశావు” అన్నారు. ఇన్నేళ్ళలో ఆయన నా రాయిని మెచ్చుకోవడం అదే మొదలు. ఆ మాట వినడానికి నాకు సిగ్గేసింది.

“ఇలాంటిది ఒకటి చేశానని చెప్పి ఉంటే,” అన్నారు నెమ్మదిగా, “దీని మీద ముందు సాధన చేసి, చెయ్యి కుదిరాక అదే ఊపులో అసలుదాని మీద పెట్టేవాణ్ణిగా. వద్దంటానా? నాకు తెలియదనుకున్నావా అమ్మాయ్, నా చెయ్యి సంగతి?”

ఆ ముక్క నాకు తట్టనేలేదు. చుట్టూ తిరిగి ఎన్ని ఎత్తులు వేశానో, తిన్నగా వెళ్ళి చెప్పడం ఒక్కటీ వదిలేశాను. “డాక్టరమ్మ ఇంకా వీధి దాటి ఉండదు మామయ్యగారూ,” అంటూ లేచాను. “పరిగెత్తి పిలుచుకొస్తాను. అసలు సంగతి నేనే చెబుతాను, ఆవిడ ఏమన్నా నేను పడతాను. మళ్ళీ తీసి మీరే పెడుదురుగాని.”

“ఆగు.”

తలుపు మీద చెయ్యి వేసి వెనక్కి తిరిగాను. ఆయన కుడిచేతిని కిటికీ వెలుగులోకి చాపారు. అది వణుకుతోంది. “ఉండు, ఆగుతుందేమో చూద్దాం” అన్నారు. ఇద్దరం దాన్నే చూస్తూ ఉన్నాం. ఆయన మణికట్టుని బల్ల అంచుకి ఆనించారు. కళ్ళు మూసుకున్నారు. నేను మనసులో ఆ చేతిని బతిమాలుకున్నాను, ఆగవే, ఒక్కసారి ఆగవే అని. బల్ల మీద ట్వీజర్స్ సన్నగా గలగలలాడుతూనే ఉన్నాయి.

మామగారు కళ్ళు తెరిచి చూసుకున్నారు. “చూశావుగా, ఆగలేదు. ఇప్పుడు వెళ్ళి పిలువు” అన్నారు.

తలుపు అద్దంలోంచి డాక్టరమ్మ కనబడుతూనే ఉంది. పక్క కొట్టులో ఏదో కొనుక్కుని బయటికి వచ్చి, రోడ్డు దాటడానికి ఆగి, మణికట్టు తిప్పి వాచీ చూసుకుంటోంది. కేక వేస్తే వినబడే దూరమే. నేను పిలవలేదు.